అడ్డపొగ తాగే అత్తయ్యకు అంగిలి మీద తెల్లమచ్చ, చూపించాలా?

ప్రశ్న: శ్రీకాకుళం దగ్గర పల్లె మాది. అత్తయ్యకు 62 ఏళ్లు, అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. అంగిలి తెల్లబడి, మధ్యలో ఎర్రచుక్కలున్నాయి. నొప్పి లేదంటోంది. చుట్టను మామూలుగా తిప్పి తాగితే సరిపోతుందా?

జవాబు 1: తప్పక చూపించండి. తొలిదశలో నొప్పి ఉండదు, అదే చిక్కు. నిప్పు కొస నోట్లో ఉంటుంది కాబట్టి వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. ఆ చుక్కలు వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. అడ్డపొగ తాగేవాళ్లలో మామూలే, అవే క్యాన్సర్ కాదు. కానీ నున్నటి ఎర్రమచ్చ, పుండు, గట్టి బుడిపె కనిపిస్తే ఆలస్యం వద్దు. కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వాల్చి టార్చి వేసి చూడండి. రెండు వారాల్లో మానని పుండుకు జెల్ రాస్తూ కూర్చోకండి, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించండి.

జవాబు 2: తిప్పి తాగితే అంగిలికి వేడి తప్పుతుందేమో గానీ గొంతు, ఊపిరితిత్తుల ముప్పు పోదు. మానడమే మందు. మానినవాళ్లలో ఈ మచ్చలు తగ్గడం మీ జిల్లాలో చేసిన పరిశోధనల్లోనే తేలింది. పొగాకు మానేందుకు ఉచిత నంబరు 1800-11-2356. పళ్లు లేనివాళ్లకు నికోటిన్ గమ్ నమలడం కష్టం, డాక్టర్ని ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ) అడగండి.

జవాబు 3: బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో అంటారు, వినకండి. మత్తు సూది వేసి చిన్న ముక్క తీస్తారు, అంతే. మీకు దగ్గరలో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్లి, ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.