అప్‌డేట్: పాత ఎంటీబీ (మౌంటెన్ బైక్ సైకిల్) వెనక చక్రం దొరికింది

26 అంగుళాలు, 7 స్పీడ్, వి-బ్రేక్ (రిమ్ముని రెండు పక్కలా నొక్కే బ్రేకు) ఉన్న పాత బండికి ఫ్రీవీల్ హబ్బే (పళ్లచక్రాలు, రాచెట్టు కలిసిన ముక్కని మర బిగించే చక్రం నడిమి భాగం) మళ్లీ వేయాలా, క్యాసెట్‌కి (పళ్లచక్రాల గుత్తి మాత్రమే, రాచెట్టు హబ్బులోనే ఉంటుంది, దాన్ని ఫ్రీహబ్ అంటారు) మారాలా అని ఇంతకుముందు అడిగాను. క్యాసెట్టే వేశాను.

కారణం ఇరుసు. మర బిగించే ఫ్రీవీల్‌లో కుడి బేరింగ్ బాగా లోపల ఉంటుంది, బయటి ఇరుసుకి ఆసరా ఉండదు. గుంతల్లో వంగేది, విరిగేది అక్కడే. ఫ్రీహబ్‌లో ఆ బేరింగ్ ఫ్రేమ్ దగ్గరికి జరుగుతుంది.

ముందు వెనక ఫ్రేమ్‌లో ఇరుసు కూర్చునే రెండు గాడుల (డ్రాపౌట్‌ల) మధ్య లోపలి కొలత తీయండి: నాది 135 మి.మీ. మరీ పాతవాటిలో 130 ఉండొచ్చు. రిమ్ము 559 (టైరు కూర్చునే చోట వ్యాసం, మి.మీ.లో), 36 రంధ్రాలు. హబ్బుకీ అన్నే ఉండాలి. పాత పుల్లలు (స్పోక్‌లు) వాడదామనుకోకండి, ఫ్లాంజ్ (పుల్లలు తగిలించే హబ్బు అంచు) మారితే పొడవు మారుతుంది, కుడివైపువి పొట్టి.

చెన్నై రటన్ బజార్‌లో '26 చక్రం' అంటే డిస్క్ బ్రేకుల రిమ్ము చేతిలో పెట్టొచ్చు. వి-బ్రేక్‌కి పక్కలు చదునుగా చెక్కిన రిమ్మే కావాలి.

8 స్పీడ్ ఫ్రీహబ్ మీద 7 స్పీడ్ క్యాసెట్‌కి వెనకాల 4.5 మి.మీ. స్పేసర్ (ఖాళీ నింపే రింగు) తప్పనిసరి, లేకపోతే క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ బిగిసినా పళ్లచక్రాలు లొడలొడలాడతాయి. లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు. షిఫ్టర్ పాతదే, డిరైలర్ (గొలుసుని గేరు మార్చే భాగం) హద్దు స్క్రూలు మాత్రం మళ్లీ సరిచేయాల్సొచ్చింది.