ఐసీ బేస్ పెట్టాలా, చిప్‌ను నేరుగా సోల్డర్ చేయాలా?

ప్రశ్న:
లైన్ ఫాలోయర్ రోబోకి (నేల మీది గీత వెంబడి నడిచే బండి) డాట్ బోర్డు (వరసగా రంధ్రాలున్న బోర్డు) మీద సర్క్యూట్ కడుతున్నాను. ప్రోగ్రామ్ నడిపే చిప్ ఏటీమెగా328పీ, మోటార్లకి కరెంటు అందించే చిప్ ఎల్293డీ, రెండు 6 వోల్టుల గేర్ మోటార్లు. చిప్‌లకి బేసులు (చిప్‌ను గుచ్చి, కావాలంటే తీసేయగలిగే సాకెట్లు) పెట్టమని కొందరు, బండి అదురుకి వదులైపోతాయని ఇంకొందరు అంటున్నారు. ఏది నయం అండీ?

జవాబు 1:
రెండు చిప్‌లనీ ఒకే గాటన కట్టకండి. ఏటీమెగాకి బేస్ పెట్టండి, ఎల్293డీని బోర్డుకే సోల్డర్ చేయండి. దాని 4, 5, 12, 13 పిన్నులు గ్రౌండే కాదు, లోపలి వేడి బయటికొచ్చే దారి కూడా. మోటారు 0.5 ఆంపియర్ లాగితే చిప్‌లోనే దాదాపు రెండున్నర వోల్టులు పోతాయి (6 వోల్టుల మోటారుకి 6 వోల్టుల బ్యాటరీ సరిపోనిది అందుకే). రెండు మోటార్లకీ కలిపి 2.5 వాట్ల వేడి. బేస్‌లోని పల్చటి రేకుల గుండా అంత వేడి దిగదు. మోటార్లు కాసేపు తిరిగి, ఆగి, చల్లారాక మళ్లీ తిరుగుతుంటే ముందు ఈ చిప్ వేడెక్కడాన్నే అనుమానించండి. డాట్ బోర్డులో రాగి తక్కువ, కాబట్టి ఆ నాలుగు పిన్నులనీ ఒక రాగి రేకు ముక్కకి కలిపి సోల్డర్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
షాపులో ఇచ్చిన 28 పిన్నుల బేస్‌లో ఏటీమెగా కూర్చోవట్లేదండీ, బేస్ వెడల్పు ఎక్కువుంది.

జవాబు 2:
అది 0.6 అంగుళాలది, మీకు 0.3 కావాలి. దొరక్కపోతే 14 పిన్నుల బేసులు రెండు వరసగా ఆనించి పెట్టండి, సరిగ్గా సరిపోతాయి. రౌండ్ పిన్ రకమే కొనండి, పట్టు గట్టిగా ఉంటుంది. దాంట్లో బెర్గ్ స్ట్రిప్ (వరసగా ఉండే చదరపు పిన్నుల పట్టీ) పిన్ను మాత్రం గుచ్చొద్దు, లోపలి స్ప్రింగు సాగిపోతుంది.

సోల్డర్ చేసేటప్పుడు బేస్ ఖాళీగా ఉండాలి. ఎదురు మూలల పిన్నులు రెండు అతికించి, బేస్ బోర్డుకి ఆనిందో లేదో చూశాకే మిగతావి. పవర్ ఇచ్చి 7, 8 పిన్నుల మధ్య 5 వోల్టులు వచ్చాయని మీటర్‌తో చూసుకుని, పవర్ తీసేసి అప్పుడు చిప్ పెట్టండి. కొత్త చిప్ కాళ్లు విచ్చుకుని ఉంటాయి. బల్లకి ఆనించి ఒక్కో వరసనీ కాస్త లోపలికి వంచాలి. లేదంటే ఏదో ఒక కాలు చిప్ కిందికి మడత పడుతుంది, పైనుంచి చూస్తే మాత్రం దిగినట్టే ఉంటుంది!

జవాబు 3:
ప్రోగ్రామ్ మార్చడం కోసమే అయితే బేస్ కూడా అక్కర్లేదు. ఏటీమెగా 1, 17, 18, 19 పిన్నులతో పాటు 5 వోల్టులు, గ్రౌండ్‌ను ప్రోగ్రామర్ తగిలించే ఆరు పిన్నుల హెడర్‌కి తెచ్చుకుంటే చిప్ కదపకుండానే పని అవుతుంది. ఎల్293డీ కాలిపోతే కాళ్లను చిప్ ఒంటి దగ్గరే కత్తిరించి, ఒక్కో కాలినీ వేడిచేసి లాగేయండి. చిప్‌ను మొత్తంగా ఊడబెరికితే బోర్డు మీది రాగి ప్యాడ్లు కూడా లేచొస్తాయి.