కొత్తపట్నం బీచిలో నీలి రంగు జీవి, ఇది ఏ జాతి?

తీరంగాలి (ఒంగోలు):
ఈదురుగాలి తగ్గాక పొద్దున్నే ఇసుక మీద కనిపించింది. రెండు సెంటీమీటర్ల పొడవు, ఒక పక్క నీలి చారలు, ఇంకో పక్క వెండి మెరుపు. ఒంటికి అటూ ఇటూ వేళ్లలాంటివి గుత్తులుగా ఉన్నాయి, మూడు జతలు. చుట్టూ నీలి బుడగల్లాంటివి పడి ఉన్నాయి. మన తీరంలోనే బతికేదా? అక్వేరియంలో ఉంచొచ్చా?

నత్తగుల్ల:
గ్లాకస్ అండి, పెంకు లేని సముద్రపు నత్త. బ్లూ డ్రాగన్ అంటారు. ఒక్కో గుత్తిలో వేళ్లన్నీ ఒకే వరసలో విసనకర్రలా విచ్చుకుని, తోక సన్నగా సాగి ఉంటే గ్లాకస్ అట్లాంటికస్. వేళ్లు పలు వరసల్లో ఒత్తుగా ఉండి తోక పొట్టిగా ఉంటే మార్జినేటస్, అది ఇంకా చిన్నది. ఇసుకలో ముడుచుకున్నదాన్ని చూసి తేల్చలేం. తెల్ల పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి చెంచాతో అందులో వెయ్యండి, బతికుంటే విచ్చుకుంటుంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టి రెండు వైపులా ఫొటో తియ్యండి. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, ఉప్పు లేని నీళ్లలో బతకదు.

నడిసంద్రం (నెల్లూరు):
దీని ఇల్లు నడిసముద్రపు పైపొర. గాలి మింగి, ఆ బుడగ పొట్టలో ఉండగా వెల్లకిలా తేలుతుంది. అంటే మీరు చూసిన నీలం దాని అడుగువైపు, వెండి రంగు వీపు. పైనుంచి చూసే పక్షికి నీటిలో, కిందనుంచి చూసే చేపకి ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. గాలికి ఎదురీదలేదు కాబట్టి తూర్పుగాలి తోస్తే తిండితో సహా ఒడ్డుకు చేరుతుంది. ఆ నీలి బుడగలు ఫిసాలియా, అంటే కుట్టే తీగలతో నీటిపై తేలే జీవులు, అవే దాని తిండి. బిళ్లలా గుండ్రంగా ఉన్నవైతే పోర్పిటా, వాటినీ తింటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత చెన్నై బెసెంట్ నగర్‌లోనూ ఇవి కొట్టుకొచ్చాయి.

రాళ్లకు అంటుకుని బతికే రంగురంగుల నత్తల కోసమైతే మైపాడులోనో కొత్తపట్నంలోనో వెతకడం వృథా, అంతా ఇసుకే. వాటికి స్పంజికలు, పగడాలు కావాలి. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్ వైపు చూడాలి.

ఉప్పుగాలి:
దయచేసి ఎవరూ ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వొద్దు. ఫిసాలియాను తిని, దాని కుట్టే కణాలను అరగనివ్వకుండా వేళ్ల కొసల్లో దాచుకుంటుంది. చచ్చాక కూడా కుడుతుంది. కుడితే ఇసుకతో రుద్దకండి, పేలకుండా మిగిలిన కణాలూ పేలతాయి. సముద్రపు నీటితో కడిగి, అంటుకున్న తీగలుంటే పట్టకారుతో తీసేసి, 45 డిగ్రీల వేడినీటిలో 20 నిమిషాలు ఉంచాలి. కుట్టినచోట వేడి సరిగా తెలియదు, ముందు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. ఆయాసం వస్తే వెంటనే 108.

నత్తగుల్ల:
అక్వేరియం మాట మానేయండి. ఫిసాలియా, పోర్పిటా లాంటి తేలే జీవులే దాని తిండి, మార్కెట్లో దొరికే మేత ఏదీ పనికిరాదు. ఆకలితో చస్తుంది. అలల్లో వదిలినా గాలి మళ్లీ ఒడ్డుకే తోస్తుంది, పడవ వెళ్తుంటే దూరంగా తీసుకెళ్లి వదలమనండి.