న్యాయశాఖలో ఉన్నది ఏ న్యాయం?

గుంపులోని పెద్దలకు నమస్కారం. చెన్నై హైకోర్టుకు ఎదురు సందులో నా పని. పాత తెలుగు దస్తావేజులను వకీళ్ల కోసం ఇంగ్లీషులోకి మార్చి ఇస్తుంటాను. మొన్న పాత చాకలిపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తాతగారి నాటి భాగపరిష్కార పత్రం సంచిలోంచి తీసి, దాని పక్కన తాను రాసుకొచ్చిన అర్జీ కూడా పెట్టారు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. పైన గుండ్రటి అక్షరాలతో ‘ఢిల్లీ కేంద్ర న్యాయశాఖ మంత్రిగారి దివ్యసముఖమునకు’ అని ఉంది. ఇంటి వాటా కేసు ఏళ్ల తరబడి నలుగుతోందట.

‘ఆ శాఖ కేసులు విచారించదమ్మా, తీర్పులూ ఇవ్వదు’ అన్నాను.

‘మరి న్యాయశాఖ అని పేరెందుకు పెట్టుకున్నారు నాయనా?’

నాకు జవాబు తోచలేదు. పక్క బల్ల దగ్గరి తమిళ గుమాస్తా అర్జీ ఎవరికని అడిగి, ‘ఓ, సట్ట అమైచ్చరా!’ అని తన పనిలో పడ్డాడు. చట్టాల మంత్రి. వాళ్లకు చిక్కే లేదు.

ఇంగ్లీషులో ఆ శాఖ పేరు లా అండ్ జస్టిస్. లా అన్నా, జస్టిస్ అన్నా మనం ఒకే న్యాయంతో ఎందుకు సరిపెడుతున్నాం? న్యాయవాది, న్యాయ కళాశాల అన్నప్పుడు మన మనసులో ఉన్నది చట్టమే. ‘ఇదేం న్యాయం!’ అన్నప్పటి న్యాయం వేరు. తమిళంలో లా కాలేజీ సట్టక్కల్లూరి, కోర్టు నీతిమన్రం. నియాయం అన్న మాటను వాళ్లు రేషన్ దుకాణం బోర్డు మీద కూడా రాసుకున్నారు, ‘నియాయ విలైక్కడై’ అని. మనమేమో దాన్ని చౌకధరల దుకాణం అంటాం.

జవాబు 1:
మా ఇంట్లో పటానికి కట్టిన చెక్క కూడా చట్టమేనండీ. తమిళంలోనూ అంతే. దాటకుండా చుట్టూ బిగించేది చట్టం. పేరు బాగానే కుదిరింది.

జవాబు 2:
వేళచ్చేరి నుంచి రాస్తున్నాను, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారిని. ఆ శాఖకు మూలమే చట్టాలు రాసే పని. 1833 చార్టర్ చట్టం గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో చట్టాల కోసమని ఒక సభ్యుణ్ణి చేర్చింది. ఆ పదవిలోకి మొదట వచ్చిన మెకాలే 1834 జూన్‌లో ఓడ దిగింది మన మద్రాసు తీరంలోనే. ఇక్కడి నుంచి కొండెక్కి ఊటీలో గవర్నర్ జనరల్ బెంటింక్‌ను కలిశాడు. అతని చేతి మీదుగా భారత శిక్షాస్మృతి (ఐపీసీ) ముసాయిదా 1837లో సిద్ధమైంది, అది చట్టమయ్యేసరికి 1860 వచ్చింది. స్వతంత్ర భారతంలో తొలి న్యాయశాఖ మంత్రి అంబేడ్కర్ 1951లో రాజీనామా చేయడానికి ముఖ్య కారణం కూడా ఒక చట్టమే, హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం.

ఇప్పుడు ఆ శాఖలో మూడు విభాగాలున్నాయి. ఒకటి బిల్లులు రాస్తుంది. ఒకటి ప్రభుత్వానికి సలహాలిస్తూ, దాని దావాలు చూసుకుంటుంది. మూడోది సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల నియామకాల దస్త్రాలు నడుపుతుంది. వీటిని తెలుగు చేయండి చూద్దాం. మొదటిది శాసన విభాగం, బాగుంది. రెండోది న్యాయ వ్యవహారాల విభాగం. మూడోది న్యాయ విభాగం! ఇంగ్లీషులో లీగల్, జస్టిస్ అని విడివిడిగా ఉన్నవి మన దగ్గరికి వచ్చేసరికి కవలలైపోయాయి.

తమాషా ఏమిటంటే, ఆ మూడో విభాగం 2009 డిసెంబరు 31 దాకా హోంశాఖలో ఉండేది. హోం కార్యదర్శే దానికీ కార్యదర్శి. 2010 జనవరి నుంచి గాని సొంత కార్యదర్శితో న్యాయశాఖ గూటికి చేరలేదు. 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఆ బిల్లును సభలో పెట్టింది కూడా హోంమంత్రే. శిక్ష పోయి న్యాయం వచ్చింది, పేరు వరకు.

జవాబు 3:
మాస్టారూ, న్యాయం మీద అంత కోపం వద్దు. కాకతాళీయ న్యాయం, స్థాలీపులాక న్యాయం అంటున్నప్పుడు అది జస్టిస్ కాదు గదా! ఒక పద్ధతి, ఒక సూత్రం. ఆ అర్థంలో న్యాయశాఖ తప్పేమీ కాదు. నన్ను అడిగితే, ‘పాత్రకు న్యాయం చేశాడు’ అని రాసే సినిమా సమీక్షకుల మీద ముందు అర్జీ పెట్టాలి.

జవాబు 4:
అచ్చతెలుగు మాట ఎవరూ తలవలేదేం? తగవు. తగినది తగవు. పాత కావ్యాల్లో దానికి న్యాయమనే అర్థం, న్యాయం చెప్పేవాడు తగవరి. ఇప్పుడు తగవంటే కొట్లాట! ‘తగవు తీర్చు’ అనే మాట దగ్గరే జారి ఉంటామని నా ఊహ. తీర్చేవాడి చేతిలోని తగవు వచ్చినవాళ్ల మధ్యలోకి పోయింది. తమిళంలో అదే మాట చెడకుండా ఉంది. తిరుక్కురళ్‌లో నిష్పాక్షికతను చెప్పే అధ్యాయంలో ‘తక్కార్ తగవిలర్’ అని 114వ కురళ్ మొదలవుతుంది, తగవు గలవారు, లేనివారు అని.

మొదట రాసిన నేనే:
అందరికీ కృతజ్ఞతలు. అనువాదంలో ఇకమీద ‘చట్ట, న్యాయ మంత్రిత్వ శాఖ’ అని పూర్తిగానే రాస్తాను. పలకడానికి నోరు తిరగదు, అయినా సరే. మాటల్లో న్యాయశాఖ ఎలాగూ పోదు.

పెద్దావిడ సంగతి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టిస్తారు. ఆ మాట చెప్పి, నిన్న నేనే ఆవిడను ఆ కార్యాలయానికి తీసుకెళ్లాను. మనం న్యాయ సేవాధికార సంస్థ అంటామే, అది. తమిళంలో సట్టప్ పణిగళ్ ఆణైక్కుళు. ఆవిడ గుమ్మం ముందు ఆగి, కళ్లజోడు సవరించుకుని, తమిళ బోర్డును కూడబలుక్కుని చదివారు.

‘ఇక్కడా చట్టమనే రాశారే. న్యాయం ఏ గదిలో ఉంటుంది నాయనా?’

లోపల వరసలో మా ముందు పదకొండు మంది ఉన్నారు. కూర్చున్నాం.