రాతి కింది పగులు సర్వేలో దొరుకుతుందా?

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర. అంతా గ్రానైట్ నేల. మూడు బోర్లు వేయించాం. మూడోదానిలో 400 అడుగుల దాకా తెల్లటి రాతిపొడే లేచింది, తడి జాడ లేదు. మొన్న భూగర్భ నీళ్ల సర్వే చేసే ఆయన వచ్చి నాలుగు ఇనుప కడ్డీలు పాతి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలిచారు. కడ్డీల దూరం పెంచేకొద్దీ లోతు సంగతి తెలుస్తుందన్నారు. కానీ ఒక్కచోటే కొలిస్తే రాతిలో నీళ్లుండే నిలువు పగులు ఎలా దొరుకుతుంది? చేను పొడవునా వరుసగా కొలిపించడం మేలా?

ఇంకొకటి. చేనుకు పడమర నల్లరాళ్ల వరుస ఉంది, డోలరైట్ డైక్ (పాత రాతిని చీల్చుకుని గోడలా నిలిచిన నల్లరాయి) అన్నారు. అది భూమిలోపల ఎటు సాగిందో అయస్కాంత సర్వేతో తెలుసుకోవచ్చని చదివాను. బోరు దానికి ఏ పక్కన వేయాలి? నాన్న నాలుగో బోరుకు అప్పు తేవడానికి సిద్ధమవుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి త్వరగా చెప్పండి.