బబుల్ క్రాప్స్‌లో ఆడ్స్ పందేనికి పాయింట్లు పడతాయా?

అందరికీ నమస్కారం. లాస్ వేగస్ వెళ్తే నేను ఎక్కువగా ఆడేది బబుల్ క్రాప్స్. అదే, బుడగ లాంటి మూత కింద రెండు పెద్ద పాచికలు ఎగిరిపడే మెషీన్. డీలర్ ఉన్న టేబుల్ కంటే తక్కువ పందెంతో ఆడొచ్చు, హడావుడి ఉండదు.

నా సందేహం ప్లేయర్స్ కార్డ్ (మనం కాసిన పందేలని కాసినో లెక్కపెట్టే సభ్యత్వ కార్డ్) పాయింట్ల గురించి. స్లాట్ మెషీన్లలో లెక్క తేలిక: గెలిచినా ఓడినా, కాసిన మొత్తాన్ని బట్టి పడతాయి. క్రాప్స్‌లో పాస్ లైన్ (ఆట మొదట్లో పెట్టే మూల పందెం) మీద 5 డాలర్లు పెడితే అది తేలేలోపు పాచికలు చాలాసార్లు పడొచ్చు. మరి పాయింట్లు పందెం పెట్టగానే వస్తాయా, తేలాకా?

అసలు చిక్కు ఆడ్స్ దగ్గర, అంటే పాస్ లైన్ పందెం ఇంకా తేలకముందు దానికి తోడుగా పెట్టే అదనపు పందెం దగ్గర. పాస్ లైన్ మీద కాసినోకి 1.41 శాతం లాభం ఉంది, ఆడ్స్ మీద సున్నా. గెలవడానికి 7 కంటే ముందు మళ్ళీ పడాల్సిన అంకె (ఆటలో దీన్నీ పాయింట్ అనే అంటారు) 4 అయితే ఆడ్స్‌కి ఒకటికి రెండు ఇస్తారు, ఓడే అవకాశం కూడా గెలిచేదానికి సరిగ్గా రెండింతలే. లాభమే లేని పందేనికి పాయింట్లు ఇవ్వరేమోనని నా అనుమానం. మొన్న పాస్ లైన్ మీద 5, ఆడ్స్ మీద 10 పెట్టి కార్డ్ పెట్టే చోటున్న చిన్న స్క్రీన్‌నే చూశాను. ఆడ్స్ పెట్టినప్పుడు అంకె కదల్లేదు. డెస్క్‌లో అడిగితే ఒకరు లెక్కలోకి వస్తుందన్నారు, ఇంకొకరు రాదన్నారు.

కాసినోల్లో పనిచేసినవాళ్ళు, తరచూ ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇది కాసినోని బట్టి మారుతుందా? ప్లేస్ బెట్ (ఫలానా అంకె 7 కంటే ముందు పడుతుందని కాసే పందెం) పెట్టి, తేలకముందే వెనక్కి తీసుకుంటే అది లెక్కలోకి వస్తుందా? పాయింట్ల కోసం పందెం పెంచే ఉద్దేశం లేదు, ఎలాగూ ఆడే డబ్బుకి రావలసినవి వస్తే చాలు.