న్యూరోలిజిన్ లేకపోయినా సినాప్స్ ఏర్పడుతుందా? తేల్చుకుందాం రండి

కప్పకన్ను:
ఇవాళ ఒక యూట్యూబ్ పాఠంలో మళ్లీ అదే మాట విన్నాను. ఈ నాడీకణం పొర మీద న్యూరెక్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఎదుటి కణం పొర మీద న్యూరోలిజిన్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అంతే, సినాప్స్ (ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే చోటు) రెడీ అట. వినడానికి బాగానే ఉంది. కానీ 2006లో బ్రోస్, సుధోఫ్ అనే శాస్త్రవేత్తల బృందాలు న్యూరోలిజిన్ 1, 2, 3 మూడూ లేని ఎలుకలను పుట్టించి చూశాయి కదా. ఆ పిల్లలు పుట్టిన కాసేపటికే ఊపిరాడక చనిపోయాయి, నిజమే. అయితే మెదడు తీసి చూస్తే సినాప్సుల సంఖ్య దాదాపు మామూలుగానే ఉంది! ఉన్నవే సరిగా పనిచేయలేదు, ఊపిరిని నడిపించే బ్రెయిన్‌స్టెమ్‌లో సంకేతాలు దెబ్బతిన్నాయి. మరి సినాప్స్‌ని కట్టేది న్యూరోలిజినే అని ఇంకా ఎలా చెబుతున్నారు? ఇవి సినాప్స్‌ని పుట్టించవు, పుట్టినదాన్ని పనిలోకి దించుతాయి, అంతే. కాదనేవాళ్లు చెప్పండి.

ల్యాబ్ఎలుక:
నేను కాదంటాను. 2000లో షైఫెలే, సెరాఫినీ వాళ్లు చేసిన ప్రయోగం వదిలేసి మాట్లాడితే ఎలా? కిడ్నీ నుంచి వచ్చిన హెచ్ఈకే 293 కణం తీసుకున్నారు, దానికి నాడులతో ఏ సంబంధమూ లేదు. దానికి న్యూరోలిజిన్ జన్యువు ఎక్కించి, నాడీకణాలు పెరుగుతున్న డిష్‌లో వేశారు. పక్కనుంచి పోతున్న యాక్సాన్ (నాడీకణం నుంచి సంకేతం మోసుకెళ్లే తీగ) ఆ కణానికి తగిలిన చోట సినాప్స్‌కి ఈవలి సగం, అంటే సంకేతం పంపే వైపు, తయారైంది, రసాయనాన్ని మోసే వెసికిల్స్ సరిగ్గా అక్కడికే వచ్చి గుంపుగా చేరాయి. న్యూరోలిజిన్ ఎక్కించని కణం పక్కనుంచి పోయిన యాక్సాన్‌కి అలాంటిదేమీ జరగలేదు. 2004లో దీన్ని తిరగేసి చేశారు. పరాయి కణం మీద న్యూరెక్సిన్ పెడితే, ఈసారి డెండ్రైట్ (సంకేతం అందుకునే కొమ్మ) వైపు సరంజామా వచ్చి చేరింది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ సినాప్స్‌దీ, అణచే గాబా సినాప్స్‌దీ రెండూ. కిడ్నీ కణం మీద ఒక్క ప్రోటీన్ పెడితేనే సగం సినాప్స్ లేస్తుంటే దానికి కట్టే శక్తి లేదంటారేంటండీ?

కప్పకన్ను:
శక్తి ఉందని నేనూ ఒప్పుకుంటాను, మెదడులో ఆ పని చేస్తున్నది అదేనా అన్నదే నా ప్రశ్న. డిష్‌లో ఆ ప్రోటీన్‌ని కణం నిండా కుక్కేస్తారు, అంత మోతాదు మామూలు మెదడులో ఎక్కడుంది?

సందేహాల్రావు:
అన్నలూ ఒక్క నిమిషం. నాది బీకామ్, తిట్టుకోకండి. అతుక్కోవడం అంటే నిజంగా రెండు కణాలూ తాకుతాయా? సినాప్స్ మధ్యలో ఖాళీ ఉంటుందని టెన్త్‌లో చదివినట్టు గుర్తు. ఇంకోటి, అసలు ఆ వైరు సరైన కణం దగ్గరికే ఎలా వస్తుంది?

పీజీ_నోట్స్:
సందేహాల్రావు గారూ, మంచి ప్రశ్న, ఈ ఇద్దరూ దీన్ని దాటేసి కొట్టుకుంటున్నారు. ఖాళీ ఉంది, సుమారు 20 నానోమీటర్లు. కానీ అది ఒట్టి ఖాళీ కాదు, రెండు వైపుల నుంచీ పొడుచుకొచ్చిన ప్రోటీన్ల తలలు అక్కడే కలుస్తాయి. పొరకి పొర అంటుకోదు, ప్రోటీన్‌కి ప్రోటీన్ అంటుకుంటుంది. కొన్నిటికి కాల్షియం ఉంటేనే పట్టు దొరుకుతుంది, తాకెయిచి అనే శాస్త్రవేత్త కనిపెట్టిన క్యాడ్‌హెరిన్లు అలాంటివే. ఎన్‌క్యామ్ లాంటి ప్రోటీన్లకి ఆ అవసరం లేదు.

దారి ఎలా తెలుస్తుందంటారా, ఈ పోస్టు పెట్టినాయన పేరులోనే ఉంది సమాధానం. స్పెర్రీ అనే శాస్త్రవేత్త కప్ప కంటినరాన్ని కోసి, కన్నును తలకిందులుగా తిప్పి పెట్టాడు. నరం మళ్లీ పెరిగింది, కానీ పైన ఈగ కనిపిస్తే కప్ప కిందికి దూకేది, ఎన్నాళ్లైనా నేర్చుకోలేదు. అంటే ప్రతి తంతువూ అనుభవంతో పని లేకుండా తన పాత చిరునామాకే వెళ్లింది. కణాల ఒంటి మీద రసాయన గుర్తులు ఉండి తీరాలని 1963లో రాశాడు. ఇప్పుడు మీరు వాదించుకుంటున్న ప్రోటీన్లలో చాలావాటి కోసం వెతుకులాట అక్కడి నుంచి వచ్చిందే. అయితే దారి చూపడం, జోడీని ఎంచుకోవడం, సినాప్స్ కట్టడం, దాన్ని నడపడం, ఇవన్నీ వేరు వేరు పనులు. అన్నిటినీ కలిపి ‘అతకడం’ అనేస్తే ఈ గొడవ తెగదు.

ల్యాబ్ఎలుక:
మేడం చెప్పింది నిజం. పైగా అతుక్కునే ప్రోటీన్లన్నీ దగ్గరికే లాగుతాయనుకుంటే పొరపాటు. పండు ఈగలో డీస్క్యామ్1 అనే ఒకే జన్యువు నుంచి, కత్తిరింపులు మార్చి మార్చి, 38,016 రకాల ప్రోటీన్లు రావచ్చు. ఒకే కణం కొమ్మలు రెండు ఎదురుపడితే రెండిటి మీదా అచ్చం ఒకే రకం ఉంటుంది, అవి అంటుకుంటాయి, అంటుకోగానే ‘ఇది నేనే’ అని తెలిసి విడిపోతాయి. తమలో తాము చిక్కుపడకుండా ఉండటానికి ఈ ఏర్పాటు.

సరే, అసలు వాదనకి వస్తాను. కప్పకన్ను గారూ, న్యూరోలిజిన్ ఒక్కటే కాదు కదా ఉన్నది. లాట్రోఫిలిన్లు, టెన్యూరిన్లు, ఎఫ్‌ఎల్‌ఆర్‌టీలు, ఎల్‌ఏఆర్ కుటుంబం, ఇలా కణాల్ని కలిపే ప్రోటీన్ల పెద్ద జాబితా ఉంది. పెళ్లిపందిరికి మూడు గుంజలు పీకినా పందిరి నిలబడిందని, గుంజలతో పనే లేదంటారా?

ఇంకో మాట. 2000లోనే ఫెర్హాహె వాళ్లు మంక్18-1 అనే ప్రోటీన్ లేని ఎలుకను చూశారు. దాని మెదడులో రసాయన సంకేతం ఒక్కటీ విడుదల కాదు, పూర్తి నిశ్శబ్దం. అయినా మొదట్లో మెదడు మామూలుగానే రూపుదిద్దుకుంది, సినాప్సులూ ఏర్పడ్డాయి, కణాలు చావడం తర్వాతి మాట. సంకేతాలు నడవకుండానే సినాప్స్ లేచిందంటే, దాన్ని లేపింది కణాల ఒంటి మీదున్న ప్రోటీన్లు కాక మరేమిటి?

కప్పకన్ను:
గుంజల మాట బాగానే ఉంది కానీ, ఎన్ని పీకినా ‘ఇంకా ఏవో ఉన్నాయిలే’ అనొచ్చు, అప్పుడు మీ సిద్ధాంతాన్ని తప్పని ఎవరూ చూపించలేరు. ఎల్‌ఏఆర్ కుటుంబం మూడింటినీ తీసేసినా సినాప్సులు ఉన్నాయి. ఆల్ఫా న్యూరెక్సిన్లు (న్యూరెక్సిన్లలో పొడవాటి రకం) మూడూ తీసేసిన 2003 ఎలుకల్లో కూడా పెద్ద దెబ్బ తగిలింది కాల్షియం ఛానళ్ల (కాల్షియాన్ని కణంలోకి వదిలే ద్వారాల) పనికీ, రసాయనం విడుదలకీ. ప్రతిసారీ ఇదే కథ.

పీజీ_నోట్స్:
ప్రతిసారీ కాదండీ. 2017లో సుధోఫ్ ల్యాబే న్యూరెక్సిన్లన్నీ ఒకేసారి తీసేసి, ఏ కణంలో ఏమైందో విడివిడిగా చూసింది. కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉన్న నిరోధక (సంకేతాల్ని అణచే) కణాల్లో సినాప్సుల సంఖ్యే తగ్గింది. సొమాటోస్టాటిన్ ఉన్నవాటిలో సంఖ్య మారలేదు, రసాయనం విడుదలకి కావాల్సిన కాల్షియం లోపలికి రావడం తగ్గింది. ప్రోటీన్లు అవే, కణం మారగానే పని మారింది. 2019లో లాట్రోఫిలిన్3 తీసేస్తే హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగంలో) ఒక దారి నుంచి వచ్చే సినాప్సులు మాత్రం తగ్గాయి, లాట్రోఫిలిన్2 తీసేస్తే ఇంకో దారివి. పైగా లాట్రోఫిలిన్3 పని జరగాలంటే టెన్యూరిన్, ఎఫ్‌ఎల్‌ఆర్‌టీ రెండూ అవతలి నుంచి పట్టుకోవాలి, ఒక్కటి సరిపోదు. చెప్పడం మర్చిపోయాను, న్యూరెక్సిన్, లాట్రోఫిలిన్ రెండూ బయటపడింది నల్ల విధవ సాలీడు విషం దేనికి అంటుకుంటుందో వెతుకుతుంటేనే. ఆ సాలీడుకి మనందరి కన్నా ముందే తెలుసు ఎక్కడ కొట్టాలో.

అందుకే ‘కడతాయా, నడుపుతాయా’ అని మొత్తం మెదడు గురించి అడగడం నాకు నచ్చదు. ఏ సినాప్స్ గురించి అడుగుతున్నారో ముందు చెప్పాలి.

ల్యాబ్ఎలుక:
ఒప్పుకుంటాను. దానికి ఇంకోటి కలపండి. 2012లో సబాటినీ ల్యాబ్ చూపించింది, న్యూరోలిజిన్1 అన్ని కణాల్లోనూ లేకపోతే సినాప్సుల సంఖ్యలో తేడా రాదు, కానీ చుట్టూ ఉన్నవాటిలో ఉండి ఒకటీ అరా కణాల్లో మాత్రమే తగ్గితే ఆ కణానికి సినాప్సులు తక్కువ పడతాయి. అంటే పక్క కణంతో పోటీ. ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే యాక్సాన్లు వాళ్లవైపు మొగ్గుతాయి. మీరు చెప్పిన 2006 ఎలుకలో పోటీయే లేదు, అందరి దగ్గరా సున్నా. అలాంటి ఎలుకను చూసి ‘కట్టే పాత్ర లేదు’ అని తీర్పు చెప్పడం కుదరదు.

సందేహాల్రావు:
నేను ఎందుకు అడిగానో చెబుతాను. మా అక్క కొడుక్కి ఆటిజం. ఒక సెంటర్‌లో ‘మీ బాబు మెదడులో కణాలు సరిగా అతుక్కోలేదు, ఈ పౌడర్ వాడితే అతుక్కుంటాయి’ అన్నారట. నెలకి బాగానే ఖర్చు చెప్పారు. అక్క ఒకటే టెన్షన్.

పీజీ_నోట్స్:
కొనొద్దని చెప్పండి అక్కకి. వాళ్లు ఎక్కడి నుంచి ఎత్తుకున్నారో ఊహించగలను. 2003లో స్వీడన్ కుటుంబాల్లో ఆటిజం ఉన్న అన్నదమ్ముల్లో న్యూరోలిజిన్ 3, 4 జన్యువుల్లో మార్పులు దొరికాయి. అది నిజం, కానీ ఆటిజం ఉన్నవాళ్లలో అలాంటి మార్పు చాలా అరుదు. అదే న్యూరోలిజిన్3 మార్పును 2007లో ఎలుకలో పెట్టి చూస్తే కార్టెక్స్‌లో నిరోధక సంకేతాలు పెరిగాయి, అతుకులు ఊడిపోయిన బొమ్మ కాదది. పైగా ఈ ప్రోటీన్లను కణమే తయారుచేసి తన పొర మీదికి పంపుకోవాలి, నోట్లో వేసుకున్న పౌడర్‌లో ప్రోటీన్ ఉన్నా అది అరిగి అమైనో ఆమ్లాలవుతుంది తప్ప సినాప్స్ దాకా వెళ్లి అతికించదు. బాబుకి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ నడుస్తుంటే అవి మాత్రం ఆపొద్దనండి.

సందేహాల్రావు:
థాంక్స్ మేడం, ఇప్పుడే అక్కకి ఫోన్ చేస్తున్నా.

కప్పకన్ను:
పోటీ సంగతి బలమైన పాయింటే, కాదనను. కానీ అది ‘ఎవరికి ఎన్ని’ అన్నదానికి జవాబు, ‘అసలు పుడుతుందా’ అన్నదానికి కాదు. నా మాట మార్చుకోవాలంటే నాకు కావాల్సింది ఒకటే. ఒక రకం కణంలో ఈ కుటుంబాలన్నిటినీ కలిపి తీసేయండి, యాక్సాన్ అక్కడికి చేరాలి, తగలాలి, అయినా వెసికిల్స్ గుంపు కట్టకూడదు. అది చూపించండి, ఒప్పుకుంటాను.

ల్యాబ్ఎలుక:
యాక్సాన్ అక్కడిదాకా రావడానికి కూడా వాటిలో కొన్ని కావాలి కదా సార్. అన్నీ తీసేస్తే అది చేరకపోవచ్చు, అప్పుడు వెసికిల్స్ గుంపు కట్టలేదని చూపిస్తే మీరే ‘తగలలేదు కాబట్టి లెక్కలోకి రాదు’ అంటారు.